ఆడుపిల్లల పేర్లు, పిలుపులు

తిరుచానూరి తల్లి పేరు పెట్టుకొన్న యిండ్లు మన ప్రాంతమున నెన్నియో. అయినను అలమేలుమంగ యని నిండుగా బిలుచువా రరుదు; ఒకయింట అలమేలు, వేఱొకచోట మంగమ్మ, అవ్వ నోట మంగి. మిషను వాడలో మేరీ మేరమ్మ యగుటయు నట్టిదే. ఇవి ప్రేమచే నరిగిన పేర్లు. మాకు వీనిపై నాక్షేపణ లేదు. వేంకటమాంబ వెంగమాంబయైననేమి, తరిగొండకు గీర్తి తక్కువయ్యెనా?

బిడ్డ బ్రదుకవలెనని పుల్లమ్మ, పెంటమ్మ యని పెట్టుటయు దల్లి భయమని సహింతుము. ఆడుపిల్లపై విసుగుతో బెట్టిన పేరును మాత్రము సహింపజాలము. మహారాష్ట్రపు సతారా జిల్లాలో, అక్కఱలేనిదను నర్థముగల 'నకుసా' పేరు మోయుచున్న 280 మందికి పైగా బాలికలకు 2011లో క్రొత్త పేర్లు పెట్టిరి. మన యిండ్లలో 'నల్లది', 'మొద్దు' అను పిలుపులు మాన్పుటకు సర్కారు రానక్కఱలేదు. అట్లు పిలువబడి పిలువబడి, హాజరువేళ తన నిండుపేరు తనదని తోపక ప్రక్కపిల్లవంక జూచు బాలికలున్నారు.