తొలి మెట్టే తుది మెట్టు కారాదు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లలో, లేత్ పనిశాలల్లో, టింకరింగ్, పెయింటింగ్ దుకాణాల్లో హెల్పర్లుగా చేరుతున్న యువకులలో మన పిల్లలు ఎందరో ఉన్నారు. వన్‌టౌన్ బట్టల కొట్లలోనూ, హోటళ్లలోనూ ఇదే పరిస్థితి. చిన్న జీతంతో మొదలయ్యే ఈ కొలువులను చులకనగా చూసేవారితో మేము ఏకీభవించము. డెల్టా ధాన్యం, చేపలు దూరప్రాంతాలకు చేరుతున్నాయంటే అది ఆ లారీలను నడిచేలా నిలబెట్టిన చేతుల చలవే.

అయితే మొదటి జీతం తక్కువగా ఉండటానికి చెప్పే కారణం ఒక్కటే: కుర్రవాడు పని నేర్చుకుంటున్నాడని. ఒకప్పుడు ఆ మాటకు అర్థముండేది. క్లీనర్ డ్రైవరయ్యేవాడు; హెల్పర్ మేస్త్రీ అయి సొంత షెడ్డు వేసుకునేవాడు. నేడు బండ్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు పెరిగాయి. కంపెనీ సర్వీసు కేంద్రాలు ఐటీఐ సర్టిఫికెట్ అడుగుతున్నాయి. చేతిలో పని ఉండీ కాగితం లేనివాడు గుమ్మం బయటే ఆగిపోతున్నాడు. నెలజీతపు ఉద్యోగాలలో ముస్లింల వాటా తక్కువని సచార్ కమిటీ 2006లోనే తేల్చి చెప్పింది.

నేర్చుకుంటున్నాడన్న సాకుకు చట్టంలోనూ హద్దుంది. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం శిక్షణకు ఒప్పందం, గడువు, స్టైపెండ్ ఉండాలి. అవేవీ లేకుండా పనిచేయించుకుంటే అతడు కార్మికుడే. కనీస వేతనానికి హక్కుదారుడే. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో స్పష్టం చేసింది.

జీతం పెంచితే షెడ్డు మూతపడుతుందని కొందరు యజమానులు అంటారు. వారిలో మనవారూ ఉన్నారు. అరువు బాకీలు వసూలు కాక వారు పడే ఇబ్బంది మాకు తెలియనిది కాదు. కానీ ఆ భారాన్ని అందరికన్నా బలహీనుడైన హెల్పర్ మీద మోపడం న్యాయం కాదు. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ యజమానికీ వర్తిస్తుంది.

కనుక మేము కోరేది ఇది. చేరిన తేదీ, జీతం పుస్తకంలో రాయాలి. నైపుణ్యంతో పాటు జీతమూ పెరగాలి. 10 మంది, అంతకు మించి పనిచేసే చోట అర్హులందరికీ ఈఎస్ఐ కల్పించాలి. పని తెలిసినవారికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటును ప్రభుత్వం ఆటోనగర్‌కే తీసుకురావాలి. మసీదు కమిటీలు చదువు మానేసిన పిల్లలను ఓపెన్ స్కూల్ పదో తరగతికి కట్టించి, సాయంకాలపు తరగతులు నడపాలి. తల్లిదండ్రులు కూడా పిల్లవాడు తెచ్చే జీతం లెక్క చూసుకోవడంతో ఆగక, ఈ ఏడాది ఏం నేర్చుకున్నాడని అడగాలి.