పాత కొక్కెములు: సేకరింపవలయును, వ్రేలాడరాదు

మన రోలుగుంట పిల్లలకు కొండలు క్రొత్తవి కావు. తూర్పు కనుమల చెంతనున్న యీ ప్రాంతమున కొండనెక్కుట బాలురకు ఆటయే. బాలికలును అందులకు తీసిపోరు. అయినను కొండనెక్కుటయు శిలారోహణమును ఒకటి కావు. కాలిబాట పట్టి శిఖరము చేరుట యొకటి. కాలు నిలుపుటకు తావులేని నిటారు బండపై త్రాటి నమ్మకమున ప్రాకుట వేరొకటి. ఈ రెండవ విద్యకు ప్రాణాధారమైన చిన్న పనిముట్టొకటి గలదు. దానిని కారబైనరు అందురు. లోహపు కడ్డీని వలయముగా వంచి, ఒక ప్రక్క లోపలికి మాత్రమే తెరచుకొను చిన్న తలుపును స్ప్రింగుతో నమర్చినచో కారబైనరగును. త్రాడు తలుపును త్రోసికొని లోనికి పోవును. వెంటనే తలుపు మూసికొనును. ఎవరైన వ్రేలితో నొక్కినగాని త్రాడు వెలికి రాదు. మన మాటలో చెప్పవలెనన్న నిది తలుపు గల కొక్కెము.

ఈ కొక్కెములలో పాతవానిని గుర్తించి సేకరించువారు పాశ్చాత్య దేశములందు పెక్కురు గలరు. ఇది మన విద్యార్థులకును తగిన వ్యాసంగమని మా యభిప్రాయము. కాని దీనికి విడువరాని నియమ మొక్కటి గలదు: సేకరించిన పాత కొక్కెము పెట్టెలో నుండవలయునే గాని, దానిపై మానవ దేహ భారమును మోపరాదు. ఈ రెండు మాటలను నిరూపించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ వస్తువుతో మన తెలుగువారికేమి సంబంధమని కొందరడుగవచ్చును. విజయనగరము జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు 1985వ సంవత్సరమున ఎవరెస్టుపై అసువులు బాసెను. ఆ పాఠశాలలోని యాతని విగ్రహమును చూచి ఉత్సాహము పొందిన నెల్లూరు జిల్లా బాలుడు మల్లి మస్తాన్ బాబు, 2006లో ఏడు ఖండముల యున్నత శిఖరములను 172 దినములలో నధిరోహించి, 2015లో ఆండీస్ పర్వతములందు మరణించెను. నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారును సాంఘిక సంక్షేమ పాఠశాలల విద్యార్థులు. భువనగిరి బండపై శిక్షణ మొదలిడి, డార్జిలింగునందును లడఖునందును దానిని కొనసాగించి, 2014 మే 25వ తేదీన వారు ఎవరెస్టు శిఖరమున నిలిచిరి. అప్పటికి పూర్ణకు నిండా పదునాలుగేండ్లు లేవు. హిమాలయముల నిటారు మంచువాలులపై త్రాటిని మనిషి నడుమునకు తగిలించునది యీ కొక్కెమే. కావున దీని చరిత్ర మనకు పరాయిది కాదు.

ఇక నా చరిత్రను చూతము. కారబైనరను పేరు జర్మను భాషనుండి వచ్చినది. గుఱ్ఱపు రౌతులు కార్బైనను పొట్టి తుపాకిని భుజపుపట్టీకి తగిలించుకొను కొక్కెమునకు అది తొలి పేరు. మ్యూనికు నగరవాసియగు ఒట్టో హెర్ట్‌సోగ్, అగ్నిమాపకదళమువారు వాడు కొక్కెమును చూచి, 1910 ప్రాంతమున దానిని శిలారోహణమునకు ఉపయోగించెనని చెప్పుదురు. అంతకు పూర్వము అధిరోహకుడు బండ పగులులో మేకు దిగగొట్టి, త్రాటిని మేకు కన్నమున దూర్చుటకై నడుమునుండి విప్పి మరల కట్టుకొనవలసి యుండెను. ఆ విప్పి కట్టు నడిమి క్షణమే ప్రాణాంతకము. కొక్కెము వచ్చిన పిదప ఆ క్షణము తొలగిపోయెను.

తొలి కొక్కెములు ఉక్కువి, బరువైనవి. ఫ్రాన్సు దేశీయుడగు పియేర్ అల్లేన్ 1930ల చివర అల్యూమినియపు కొక్కెములను ప్రయత్నించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము తేలిక లోహము క్రమముగా వ్యాపించెను. అమెరికాలో ఈవాన్ షునార్డను యువకుడు 1957లో కమ్మరి కొలిమి కొని స్వయముగా పనినేర్చి మేకులు చేయుచుండెను. తరువాత తల్లిదండ్రుల యొద్ద 825 డాలర్లు అప్పు తెచ్చి, అల్యూమినియపు కొక్కెములు చేయు అచ్చును సంపాదించెను. ఆతని పేరిట నడచిన పనిముట్ల సంస్థ 1989లో చేతులు మారి వేరు పేరు వహించినది. కనుక షునార్డు ముద్రగల కొక్కెము సామాన్యముగా ఆ సంవత్సరమునకు పూర్వపుదని గ్రహింపవచ్చును.

ఇట్లు గ్రహించుటయే గుర్తించు విద్య. చేతికొక కొక్కెము దొరకినచో విద్యార్థి తొందరపడి కాలనిర్ణయము చేయక, క్రమముగా పరీక్షింపవలయును. మొదట అయస్కాంతమును చేర్చి చూడవలయును; అంటుకొన్నచో ఉక్కు, అంటనిచో అల్యూమినియము కావచ్చును. అయితే ఉక్కు కొక్కెములు నేటికిని తయారగుచున్నవి గనుక ఉక్కైనంత మాత్రమున పాతదని చెప్పరాదు. రెండవది ఆకారము: కోడిగ్రుడ్డు వంటిదా, పియరు పండు వంటిదా, ఒకప్రక్క నిటారుగనుండు ఆంగ్లాక్షరము డీ వంటిదా? మూడవది తలుపు: కడ్డీ తలుపా, తీగ తలుపా, మరతిప్పు తొడుగు గలదా? తీగ తలుపులు పర్వతారోహణమున ప్రచారమునకు వచ్చినది 1990లలో. నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ముద్ర. చేసినవారి పేరు, దేశము, బలమును తెలుపు అంకె అందుండవచ్చును. బలము కిలోలలో నున్నచో పాతదగుటకు అవకాశమెక్కువ. కిలోన్యూటనులలో నుండి ఐరోపా వారి సీ.ఈ. గుర్తు గూడ నున్నచో అది 1990లకు పూర్వపుది కాదు. పశ్చిమ జర్మనీ యను పేరున్నచో, ఆ దేశమే 1990లో తూర్పు జర్మనీతో నేకమైనది గనుక, వస్తువు అంతకు ముందుది. చూడుడు, ఒక ఇనుపముక్కలో చరిత్రయు, భూగోళమును, ప్రకృతిశాస్త్రమును ఎట్లు కలిసియున్నవో!

మరియు ప్రతి కొక్కెమునకు ఒక చీటి వ్రాయవలయును. ఎచట దొరకినది, ఎవరిచ్చిరి, వారు దేనికి వాడిరి, ఎప్పుడు వాడిరి, దానిపై నేమి ముద్ర గలదు, బరువెంత అను సంగతులు చీటిలేని వస్తువునుండి ఒక తరములో మాయమగును. ఓడలలోను కర్మాగారములలోను అగ్నిమాపకశాలలలోను ఇట్టివే కొక్కెములు గలవు. పాత ఇనుము దుకాణములో దొరకినదానిని నిదర్శనము లేక పర్వతారోహణపు కొక్కెమని చెప్పుట సత్యమునకు దూరము. తెలియనిచోట తెలియదని వ్రాయుట సేకర్తకు అవమానము కాదు.

దొరకినదానిని మెరయునట్లు తోముట మన యిండ్లలోని అలవాటు. ఇచ్చట నది పనికిరాదు. చింతపండుతోను బూడిదతోను రుద్దినచో మరకలతోపాటు ముద్రయు అరుగును. ముద్ర అరిగినచో సాక్ష్యము పోయినట్లే. పొడిగుడ్డతో తుడిచి, ఉక్కుదైనచో పలుచగ నూనె రాచి, తేమ తగులనిచోట నుంచుట చాలును.

ఇక నియమము మాట. పాతకాలపు వస్తువు గట్టిదని మన పల్లెలలో నమ్మకము. తాతగారి నాటి దూలము, అమ్మమ్మ నాటి ఇత్తడి బిందె యందులకు నిదర్శనములుగ చూపుదురు. దూలము విషయమున నది నిజము కావచ్చును. కొక్కెము విషయమున ప్రమాదము. ఏబది కిలోల బాలునికి రెండువేల కిలోల బలమేల యని యడుగువారు నూతి చేదను తలచుకొనవలయును. నిండు చేదను మెల్లగ దించినచో చేతికి తెలియునది దాని బరువు మాత్రమే. జారవిడిచి చటుక్కున పట్టినచో భుజము కీళ్లు కదలును. పడుచున్న మనుష్యుని త్రాడు నిలుపునప్పుడు కొక్కెముపై పడు వ్రేటు ఆతని బరువునకు అనేక రెట్లుండును. అందుచేతనే నేటి ఐరోపా నిబంధన సామాన్యపు కొక్కెమునకు నిలువున 20 కిలోన్యూటనుల, అనగా సుమారు రెండువేల కిలోల బలము నిర్ణయించినది. తలుపు తెరచియున్నచో ఆ కొక్కెమే నిలుపవలసినది 7 మాత్రమే. అనగా స్ప్రింగు సడలి తలుపు మూసికొననిచో బలము మూడవవంతునకు దిగును. పాత కొక్కెమున స్ప్రింగు ముసలిదై యుండును. లోహములో కంటికి కనబడని పగుళ్లుండవచ్చును. అది యెన్నిసార్లు వ్రేటు తిన్నదో చెప్పువారుండరు. మన సముద్రతీరపు ఉప్పుగాలి అల్యూమినియమును గూడ తినును.

బజారులో తాళపుచెవులకై అమ్ము రంగురంగుల చిన్న కొక్కెములు మరియొక ప్రమాదము. అవి ఆకారమున కారబైనర్లే గాని దేహభారమునకు చేసినవి కావు. వానికి త్రాడు కట్టి చెట్టుకొమ్మనో నూతి గిలకనో వ్రేలాడుట ప్రాణముతో జూదమాడుటయే. తల్లిదండ్రులు ఈ సంగతిని తమ పిల్లలకు తప్పక చెప్పవలయునని వేడుచున్నాము. నిజముగ శిలారోహణము నేర్వగోరువారు శిక్షకుల యొద్దకు పోయి, వారు పరీక్షించియిచ్చిన క్రొత్త పనిముట్లతోనే నేర్వవలయును.

చదువుకొనవలసిన పిల్లలు ఇనుపముక్కలు ఏరుట కాలవ్యర్థము గాదా యని పెద్దలు శంకింపవచ్చును. డబ్బు వెచ్చించి, ఇతరుల కంటె నెక్కువ కూర్చవలయునను పోటీతో సేకరించినచో నది వ్యర్థమే. మేము కోరునది యది కాదు. పది కొక్కెములు చీటి లేక యుండుటకంటె, ఒక్క కొక్కెము పూర్ణచరిత్రతో నుండుట మేలు. వస్తువును నిదానముగ చూచుట, చూచినదానిని చూచినట్లు వ్రాయుట, ఊహను నిజమని చెప్పకుండుట, ఇవి యే పరీక్షకైనను పనికివచ్చు గుణములు.

ఈ సేకరణము దూరదేశపు వస్తువులతోనే యారంభింప నక్కరలేదు. మన తాటితోపులలో గీతవృత్తివారు మోకు సాయమున చెట్లెక్కుట అందరెరిగినదే. అదియు ఆరోహణపు పనిముట్టే. దాని నడ్డకట్టు, ముడి, అల్లిక తరతరముల యనుభవమున తేలినవి. ఆ వృత్తి విడుచువారు పెరుగుచున్నారు గనుక పాత మోకులు అటకలపై చివికిపోవుచున్నవి. తాత యొద్దనున్న మోకును అడిగి తెచ్చి, అది యెట్లల్లిరో యాయన నోట విని చీటి వ్రాసిన విద్యార్థి, మ్యూనికు కొక్కెమును సంపాదించినవాని కంటె తక్కువ సేవ చేసినవాడు కాడు. పాఠశాలలో ఒక అలమార అర ఖాళీచేసినచో మోకును కారబైనరును ప్రక్కప్రక్కనే యుంచవచ్చును. పూర్వవిద్యార్థులలో దూరదేశములందున్నవారు తమకు దొరకిన పాత కొక్కెముల నంపినచో నా యర నిండుటకు ఎక్కువ కాలము పట్టదు.

ఒకనాడు ఎవని ప్రాణమునో మోసిన కొక్కెమునకు విశ్రాంతి న్యాయము. దానిచే మరల బరువు మోయింపక, అది చెప్పు కథను మాత్రము వినుట మన ధర్మము.