శనివారం తలంటుకు వంతు

ఫిన్లండ్ జనాభా సుమారు 55 లక్షలు. అక్కడి ఆవిరి స్నానపు గదులు, అంటే సౌనాలు, 30 లక్షల పైమాటే. పార్లమెంటు భవనంలోనూ ఒకటుంది. 2020లో యునెస్కో ఈ అలవాటును సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇది వింటే అద్దంకి వాళ్ళకు నవ్వొస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం బస్టాండు దగ్గర నిలబడితే పైసా ఖర్చు లేని సౌనా! వేడి సంగతి మనకెవరూ నేర్పనక్కర్లేదు. చూడాల్సింది వాళ్ళు దానికి పెట్టుకున్న వేళను.

పాతకాలపు ఫిన్లండ్ పల్లెల్లో శనివారం సాయంత్రం సౌనా పొయ్యి రాజుకుందంటే ఆ వారం పని ముగిసినట్టే. అప్పటికి శనివారం సెలవు కాదు. వారానికి ఐదు రోజుల పని పద్ధతి 1960ల్లో గానీ మొదలవలేదు. సెలవు లేకపోయినా వారానికి ఒక ముగింపు ఉండేది. కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లి, లేచిన ఆవిరిలో కూర్చుంటారు. గొంతు పెంచరు. ఉద్యోగాలు, హోదాలు బట్టలతో పాటు బయటే.

ఒకప్పుడు మన చాలా ఇళ్ళలోనూ మగవాళ్ళ తలంటు శనివారమే. కాగులో నీళ్ళు, కింద పత్తికట్టె మంట, నలగ్గొట్టి నానేసిన కుంకుడుకాయలు. కళ్ళు మండకుండా పిల్లల నోట్లో ఉప్పురాయి. తల ఆరాక కొందరు సింగరకొండ ఆంజనేయస్వామి దగ్గరికి, కొందరు నేరుగా మంచం మీదికి. ఆ నిద్ర మరే రోజూ పట్టేది కాదు.

మిరప కోతల్లో తలంటుకు మరో ప్రయోజనం ఉంది. పండిన కాయ ఆదివారమని ఆగదు, కోసేవాళ్ళకు సెలవూ ఉండదు. సాయంత్రానికి చేతులు భగభగమంటాయి. మిరప ఘాటుకు మూలమైన కాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. నేరుగా వేన్నీళ్ళు పోసుకుంటే మంట ఇంకా రేగుతుంది. ముందు నూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, ఆ తర్వాతే నీళ్ళు పోసే మన వరస ఆ చేతులకు సరిగ్గా సరిపోతుంది.

ఇల్లు మారినప్పుడు వాళ్ళు చేసిందొకటి, మనం చేసిందొకటి. ఫిన్లండ్ వాళ్ళు పల్లెలు వదిలి అపార్ట్‌మెంట్లకు చేరినప్పుడు, చాలా భవనాల్లో అందరికీ కలిపి ఒక సౌనా కట్టుకున్నారు. కుటుంబానికి వారానికో గంట వంతు. అదే రోజు, అదే వేళ. నెలకు చిన్న రుసుము కడితే ఆ గంట మీదే. శుక్ర, శనివారాల సాయంత్రపు వంతుకు గిరాకీ ఎక్కువ కాబట్టి ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి. మనకేమో గదికో బాత్‌రూమ్, గోడకో గీజర్ వచ్చాయి, తలంటు మాత్రం దీపావళికీ ఉగాదికీ మిగిలింది. వేన్నీళ్ళు ఎప్పుడంటే అప్పుడు దొరికే ఇంట్లో తలంటుకు తీరిక దొరకడం లేదు. ఫలానా రోజని లేని పని రేపటికి వాయిదా పడుతుంది, రేపు ఫోన్ మోగుతుంది.

పాత తలంటును తలుచుకుని మురిసిపోయే మగవాళ్ళు ఒక్కటి మరిచిపోతారు. నీళ్ళు మోసింది, పొయ్యి ఊదింది, కుంకుళ్ళు పిసికింది, వీపు రుద్దింది ఆడవాళ్ళు. వాళ్ళ తలంటు శుక్రవారం, అదీ పొయ్యి మీద ఎసరు మరిగేలోపు అయిపోవాలి. ఫిన్లండ్ వంతుల పట్టికలో ఇంటింటికీ గంట రాసి ఉంటుంది. అలాంటి పట్టిక మన వంటింటి క్యాలెండర్ మీద రాసుకోవడానికి అసోసియేషన్ మీటింగ్ అక్కర్లేదు, పెన్ను చాలు. మొదటి గంట ఇల్లాలి పేరు మీద రాయాలి. ఆ గంటసేపు స్టవ్ దగ్గర ఆయన ఉండాలి.