'తెలుగు రావట్లేదు' అంటే చాలదు

మార్కుల జాబితాలు ఎక్కించే రోజులు వచ్చాయంటే మన ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతుంది: 'సార్, యాప్‌లో తెలుగు రావట్లేదు.' దాని కింద 'మాకూ అంతే', 'ఇక్కడా రావట్లేదు' అని వరసగా జవాబులు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, షోలాపూర్‌లోనైనా మాట ఇదే. సాయంత్రానికి విసుగొచ్చి పిల్లల పేర్లు ఇంగ్లిషులో కొట్టేసి పని కానిచ్చేస్తాం. లోపం అక్కడే ఉండిపోతుంది. పై ఏడాది మళ్లీ అదే మాట.

తయారుచేసిన వాళ్లకు కబురు అందలేదా అంటే, చాలాసార్లు అందుతుంది. అయితే అందేది ఆ రెండు ముక్కలే. రావట్లేదంటే అక్షరాల చోట ఖాళీ గళ్లు కనిపిస్తున్నాయా? ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయా? అసలు టైపే కావడం లేదా? ఇవి మూడు వేర్వేరు జబ్బులు. ఫిర్యాదు చదివే ఇంజినీరుకు తెలుగు రాకపోవచ్చు. వచ్చినా, మన ఫోను అతని చేతిలో లేదు.

'పుట్టీ' అనే ప్రోగ్రాం రాసిన సైమన్ టాథమ్ లోపాల గురించి ఎలా తెలియజేయాలో 1999లోనే ఒక వ్యాసం రాశాడు. ప్రోగ్రాం చెడిపోవడాన్ని రాసినవాడు తన కళ్లతో చూడగలిగేలా చేయడమే ఫిర్యాదు పని అన్నది అందులోని సారం. కారణం మనం కనిపెట్టనక్కర్లేదు. ఏం చేశామో, ఏం కనిపించిందో, ఏం కనిపించాలో చెబితే చాలు.

ఉదాహరణకు ఇలా రాశామనుకోండి: 'ఆండ్రాయిడ్ ఫోను, ఫోను భాష కన్నడం, యాప్ వెర్షన్ ఫలానా. విద్యార్థి పేరు దగ్గర కృష్ణ అని టైపు చేసి సేవ్ నొక్కాం. తెర మీద సరిగానే ఉంది. పీడీఎఫ్ దించుకుంటే ష కింద ణ ఒత్తు పడలేదు. ష మీద పొల్లు, దాని పక్కన నిండు ణ వచ్చాయి. రాము అనే పేరుకు ఈ తేడా లేదు. ఫోను భాష తెలుగుకు మార్చి చూసినా అంతే.' ఏడు వాక్యాలు. తెర మీద బాగుండి పీడీఎఫ్‌లో చెడిందంటే వెతకాల్సింది పీడీఎఫ్ తయారయ్యే చోట అని ఇంజినీరుకు తెలిసిపోతుంది. రాము బాగుండి కృష్ణ చెడిందంటే ఫాంటు ఉంది, ఒత్తులు కూర్చడంలోనే తేడా అని తెలుస్తుంది. ఆ చివరి రెండు వాక్యాలు రాయడానికి మనకు పట్టేది రెండు నిమిషాలు. అవి లేకపోతే అక్కడ ఎవరికో రెండు రోజులు పట్టవచ్చు. ఇంగ్లిషులో రాయాల్సి వస్తే వ్యాకరణం గురించి జంకవద్దు. చిన్న వాక్యాలు, వరస నంబర్లు చాలు.

ఫొటో పంపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. 2018 ఫిబ్రవరి సంగతి గుర్తు చేసుకుందాం. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో ఒక 'తెలుగు అక్షరం' కనిపిస్తే చాలు, యాప్‌లు కూలిపోయేవి. పత్రికలు అది 'జ్ఞా' అని రాశాయి. కానీ మనం రోజూ రాసే జ్ఞానంలోని జ్ఞాకు ఏ దోషమూ లేదు. ఆ సందేశంలో జ్ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని సంకేతం ఒకటుంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా అడ్డుపెట్టేదీ ఆ సంకేతమే. తరచి చూసినవాళ్లు, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి వరసలు కొన్నింటితో ఇదే జరుగుతుందని తేల్చారు. ఆపిల్ అదే నెల 19న 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. ఎంత మంచి ఫొటో తీసినా ఆ సంకేతం అందులో పడదు. కాబట్టి ఫొటోతోపాటు చెడిన మాటను కాపీ చేసి అతికించాలి. రెండూ ఉండాలి.

ఇక్కడే మరో మాట. పాత ఫైళ్లలోని తెలుగు యూనికోడ్ కాని ఫాంట్లలో ఉంటే, దాన్ని ఎక్కడ అతికించినా పిచ్చి గుర్తులే వస్తాయి. అది యాప్ తప్పు కాదు. అదే మాటను కీబోర్డుతో కొత్తగా టైపు చేసి చూసి, అప్పుడూ చెడితేనే రాయండి.

ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వెళ్లడం రెండో చిక్కు. ఇందులో మేమూ దోషులమే. పేజీలు కూర్చేచోట ఒత్తులు ఎగిరిపోతున్నాయని మా బల్ల దగ్గర ముగ్గురం మూడు ఫిర్యాదులు పంపాం, ఒకరికి తెలియకుండా ఒకరం, మూడు రకాల మాటల్లో. ఒకదానికి వెర్షన్ ఏదని ప్రశ్న వచ్చింది. మిగతా రెండూ 'ఇదివరకే ఉంది' అని మూసేశారు. తీరా చూస్తే, ఆ లోపాన్ని ఎవరో నెలల కిందటే కన్నడ పేరుతో నమోదు చేసి ఉన్నారు!

అందుకే రాసేముందు వెతకాలి. 'తెలుగు' అనే మాట ఒక్కటే వేసి వెతికితే దొరక్కపోవచ్చు. కన్నడానికీ మనకూ ఒత్తుల పద్ధతి దగ్గరిది కనుక ఆ పేరుతోనూ, 'ఇండిక్' అన్న మాటతోనూ, ఫాంటు పేరుతోనూ చూడాలి. మూసేసిన వాటినీ చూడాలి. కొత్త వెర్షన్‌లో సరిచేసి ఉంటే అప్‌డేట్ చేసుకుంటే పోతుంది. మొజిల్లా, లిబ్రేఆఫీస్ వాడే బగ్జిల్లాలో ప్రతి లోపానికీ ఒక నంబరు ఉంటుంది. మనది దొరికితే ఆ నంబరు కిందే మన వివరం చేర్చాలి. ఉన్నదే మళ్లీ 'మాకూ' అని రాస్తే దాన్ని గమనిస్తున్న వాళ్లందరికీ ఒక ఖాళీ మెయిలు వెళ్తుంది, అంతే. ఓటు వేసే వీలుంటే వేయండి. వేరే ఫోను, వేరే వెర్షన్, వేరే మాట ఉంటేనే రాయండి. పోలిక ఉన్నా అదో కాదో తేలకపోతే, కొత్తది నమోదు చేసి పాత నంబరు ప్రస్తావించడంలో తప్పు లేదు. వెతకడానికి భయపడి ఊరుకోవడం కంటే అదే నయం.

ఈ శ్రమ మనమే ఎందుకు పడాలి? ఒడియాలో నడిచే ఫోనులో తెలుగు పేరు ఎక్కించేది రాయగడ టీచరమ్మ. ఒకే ఫారంలో తమిళం, తెలుగు పక్కపక్కన నింపేది కృష్ణగిరి జిల్లా మాస్టారు. ఈ కలయికలు హైదరాబాదులో, విజయవాడలో ఎవరికీ సులువుగా ఎదురుకావు. ఎదురుకాని లోపాన్ని వాళ్లు రాయరు, మనమూ రాయకపోతే అది లేనట్టే లెక్క. ఆ లెక్కలో పోయేది పిల్లవాడి పేరు. బడి రికార్డులో ఒకసారి తప్పు పడిన పేరును తర్వాత సరిచేయించడానికి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో తల్లిదండ్రులకు మేం చెప్పనక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. బగ్జిల్లా వంటి చోట్ల మనం పెట్టింది ప్రపంచమంతా చూస్తుంది. తెర ఫొటోలో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఆధార్ అంకెలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు ఉంటే పంపవద్దు. కృష్ణ, రాము వంటి ఉత్తుత్తి పేర్లతో అదే తప్పును మళ్లీ తెప్పించి, ఆ ఫొటో పెట్టండి. ప్రతి బడిలో ఒకరు ఈ పని చూసుకుంటూ, ఇచ్చిన ఫిర్యాదు నంబరును స్టాఫ్ రూం నోటుపుస్తకంలో రాసి ఉంచితే, పక్క టీచరు అదే ఫిర్యాదును మళ్లీ పంపే అవసరం ఉండదు. వెర్షన్ ఏదని అటునుంచి ప్రశ్న వచ్చినప్పుడు జవాబివ్వాల్సిందీ ఆ ఒక్కరే.