ఏట్లో వేసినా ఎంచి వేయాలి

‘బంగారు రేణువులతో క్యాన్సర్‌కు చెక్’. ఏడాదికి నాలుగైదు సార్లయినా ఈ శీర్షిక మన పత్రికల్లో పలకరిస్తుంది. విశ్వవిద్యాలయం పేరు మారుతుంది, శాస్త్రవేత్త ఫొటో మారుతుంది. పక్కన వేసే బొమ్మ మాత్రం మారదు: ఎర్రటి గడ్డ, దాని చుట్టూ ముసిరిన పసుపుపచ్చ గోళీలు. నిజానికి అంత చిన్న పరిమాణంలో బంగారం పచ్చగా ఉండదు, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. 1857లోనే మైకేల్ ఫారడే ఈ సంగతి చెప్పాడు. ఆయన చేసిన ద్రావణం సీసా లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉంది. బొమ్మ సంగతి పోనిద్దాం. వార్తలో చిట్టెలుకలు ఉంటాయి, లేజరు ఉంటుంది, ‘ఆరోగ్యంగా ఉన్న కణాలకు ఏ హానీ లేకుండా’ అన్న మాట తప్పనిసరిగా ఉంటుంది. ఉండనిది ఒక్క అంకె. 0.7.

టొరంటో విశ్వవిద్యాలయంలో వారెన్ చాన్ బృందం 2016లో ఒక పని చేసింది. అంతకు ముందు పదేళ్లలో అచ్చయిన 117 పరిశోధన పత్రాలు ముందేసుకుని, ఎలుక నరంలోకి ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డ దాకా చేరినవి ఎన్ని అని లెక్క కట్టింది. తేలిన మధ్యస్థ విలువ 0.7 శాతం. అంటే వెయ్యి రేణువులు ఎక్కిస్తే గడ్డకు చేరినవి ఏడు. మిగతా వాటిలో అధిక భాగాన్ని కాలేయం, ప్లీహం మింగేశాయి. వాటి ఉద్యోగమే అది, రక్తంలో కొట్టుకొచ్చే పరాయి నలుసుల్ని పట్టుకోవడం. నలుసు బంగారమా, బొగ్గా అని అవి చూడవు. చాన్ నానో వైద్యాన్ని వెక్కిరించడానికి బయల్దేరిన మనిషి కూడా కాదు. బంగారు రేణువులతోనే వృత్తిజీవితం గడుపుతున్నవాడు. తన దుకాణంలో సరుకును తనే తూచి, తూకం తక్కువైందని నలుగురిలో చెప్పాడు.

ఏట్లో వేసినా ఎంచి వేయమన్నారు మన పెద్దలు. మనిషి రక్తం అయిదు లీటర్ల ఏరు. అందులో వేస్తున్నది బంగారం. కాబట్టి ఎంచాలి.

‘మా రేణువులకు గురి ఉంది’ అనేది వెంటనే వచ్చే జవాబు. క్యాన్సర్ కణం మీద మాత్రమే కనిపించే గుర్తును పట్టుకునే ప్రతిదేహకాన్ని రేణువుకు అతికిస్తారు, అది నేరుగా శత్రువు ఇంటి తలుపు తడుతుంది అంటారు. సరే, ఆ లెక్కా అదే పత్రంలో ఉంది. గురి లేని రేణువులు 0.6 శాతం చేరితే, గురి ఉన్నవి 0.9 శాతం చేరాయి. ఆ తేడా కోసం ఎన్ని థీసిస్‌లు కట్టలు కట్టి గ్రంథాలయాల్లో పడి ఉన్నాయో! 2018లో అదే బృందం ఇంకాస్త లోపలికి తొంగి చూసింది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్ అనే ప్రతిదేహకం పూత పూసిన రేణువులు గడ్డలోకి వెళ్లాక ఏమవుతున్నాయని పరిశీలించింది. నరంలోకి ఎక్కించిన పది లక్షల రేణువుల్లో అసలు క్యాన్సర్ కణాలకు అందినవి 14 కంటే తక్కువ. తక్కినవి గడ్డలోని పీచులో ఇరుక్కున్నాయి, లేదా రక్తనాళాల పక్కనే కాపలా కాసే భక్షక కణాల కడుపులోకి పోయాయి. తలుపు తట్టడం మాట అటుంచండి, వీధి మొగలోనే ఆగిపోయాయి.

దీని వెనక ఒక పాత సిద్ధాంతం ఉంది. గడ్డలోని రక్తనాళాలు ఓటి కుండల్లాంటివి, వాటి చిల్లుల్లోంచి రేణువులు వాటంతట అవే కారి లోపల పోగుపడతాయి అని జపాన్‌లో మత్సుమురా, మయెదా 1986లో ప్రతిపాదించారు. ముప్పై ఏళ్లకు పైగా ఈ రంగం మొత్తం ఆ చిల్లుల మీదే బతికింది. 2020లో చాన్ బృందం బంగారు రేణువులతోనే పరీక్షించి, గడ్డలోకి చేరిన వాటిలో 97 శాతం దాకా చిల్లుల గుండా రావడం లేదని, నాళం గోడలోని కణాలే వాటిని మోసుకెళ్లి లోపల దించుతున్నాయని చూపింది. చిల్లులు అరుదు. అయినా థీసిస్ మొదటి అధ్యాయంలో ఆ చిల్లుల బొమ్మ నేటికీ ముచ్చటగా కొలువై ఉంటుంది. బొమ్మలకు మనవాళ్లు ఇచ్చే మర్యాద అంకెలకు ఇవ్వరు.

ఇక మనుషుల సంగతి. బంగారు రేణువు మీద టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ అంటించిన మందును అమెరికాలో రోగుల మీద ఒకటో దశలో పరీక్షించి, ఫలితాలు 2010లో ప్రచురించారు. విషప్రభావం తక్కువే అన్నారు, గడ్డలో బంగారం కనిపించిందన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మందు నేటికీ ఏ మందుల షాపుకూ రాలేదు. రెండోది ఇంతకంటే మేలైన ఉదాహరణ. రైస్ విశ్వవిద్యాలయంలో నయోమి హలాస్, జెన్నిఫర్ వెస్ట్ సిలికా గుండు మీద బంగారు తొడుగు వేసి, పరారుణ కాంతి పడితే వేడెక్కి చుట్టూ ఉన్న కణజాలాన్ని కాల్చేసే రేణువులు తయారు చేశారు. ఎలుకల గడ్డల్లో అది పని చేస్తుందని 2003లో చూపారు. ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల మీద ఫలితాలు 2019లో వచ్చాయి. రోగులు 16 మంది. పదహారేళ్లకు పదహారు మంది. 15 మందిలో చికిత్స అనుకున్నట్టు పూర్తయింది, మంచిదే. కానీ అక్కడ గురి చూసింది ఎవరు? ఎంఆర్ఐ చిత్రం, అల్ట్రాసౌండ్ దగ్గర పెట్టుకుని, వైద్యుడు లేజరు తీగను సరిగ్గా ప్రోస్టేట్‌లోని గడ్డలోకి దింపాడు. కాలేయంలో చేరిన బంగారం మీద వెలుగు పడలేదు కాబట్టి అది కాలలేదు. గురి వైద్యుడి చేతిది, పేరు బంగారానిది.

అభ్యంతరాలు లేకపోలేదు. 0.7 ఎలుకల లెక్క, పైగా కొలిచిన పద్ధతి మందుల శాస్త్రానికి సరిపోదు, మామూలు కీమో మందు కూడా గడ్డకు చేరేది కొంచెమే అని కొందరు నిపుణులు గట్టిగానే వాదించారు. వాదన సబబే. అయితే మామూలు కీమో మందు ఏనాడూ ‘నేను గురి తప్పని బాణాన్ని’ అని చెప్పుకోలేదు. జుట్టు ఊడుతుందని, వాంతులవుతాయని ముందే చెప్పి మరీ ఒంట్లోకి వెళుతుంది. ఇంకో అభ్యంతరం కాస్త బరువైనది. 2020లో టొరంటో వారే ఎలుకకు ఒకేసారి లక్ష కోట్ల రేణువులకు మించి ఎక్కిస్తే కాలేయానికి ఊపిరాడక వదిలేస్తుందని, అప్పుడు గడ్డకు 12 శాతం దాకా చేరుతుందని చూపారు. పన్నెండు బాగుంది. కాలేయాన్ని ముంచెత్తి సాధించిన పన్నెండు అది. సుమారు 5-6 నానోమీటర్లు మించిన రేణువును మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపలేవు. కాలేయంలో చేరిన బంగారం నెలల తరబడి అక్కడే కూర్చుంటుంది. మనిషి కాలేయం మీద అంత బంగారం గుమ్మరించే ముందు ఆలోచించాల్సింది చాలా ఉంది. ఈ సందులో ‘మన స్వర్ణభస్మం ఇదే కదా’ అని దూరేవాళ్లకు ఒక్క మాట: భస్మం నోటితో మింగేది, గడ్డ దాకా అందులో ఎంత చేరిందో తూచిన వాళ్లను ముందు చూపించండి.

ఈ లెక్క మనకెందుకు అంటే, డబ్బు మనది కనుక. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2007లో అయిదేళ్లకు వెయ్యి కోట్లతో నానో మిషన్ మొదలుపెట్టింది. దాని విజయాల కింద ఆ శాఖ చెప్పుకున్నది సుమారు 5,000 పరిశోధన పత్రాలు, సుమారు 900 పీహెచ్‌డీలు. నానో పత్రాల సంఖ్యలో ప్రపంచంలో ముందు వరసలో ఉన్నామన్న మాట అప్పటి నుంచి సభల్లో మోగుతూనే ఉంది. నిజంగా జనం ఇంటికి చేరిన నానో వస్తువు ఏది అంటే, ఐఐటీ మద్రాసులో ప్రదీప్ బృందం నీళ్లలోంచి పురుగుమందుల అవశేషాలను, ఆర్సెనిక్‌ను తీసేయడానికి చేసిన వడపోతల పేరే ముందు చెప్పాలి. అక్కడ గురి చిక్కు లేదు. నీళ్లే రేణువుల దగ్గరికి వస్తాయి. ఫిల్టర్ ఎన్ని లీటర్లు శుభ్రం చేస్తుందో కొలవకుండా దాన్ని ఎవరూ కొనరు. క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొలత ప్రస్తావనే అమర్యాద అయిపోతుంది.

కాబట్టి అడుగుతున్నది చిన్న విషయం. ఒంట్లోకి ఎక్కించే నానో రేణువుల మీద ప్రభుత్వ నిధులు అడిగే ప్రతి దరఖాస్తులో, ప్రతి తుది నివేదికలో ఒక గడి పెట్టండి: వేసిన మోతాదులో గడ్డకు చేరినది ఎంత శాతం, కాలేయంలో మిగిలినది ఎంత, నెల తర్వాత ఎంత. బంగారానికి ఈ కొలత మరీ సులువు. ఎలుక ఒంట్లో మామూలుగా బంగారం ఉండదు కనుక, ఏ అవయవంలో ఎంత చేరిందో కరిగించి కొలిచే యంత్రాలు మన జాతీయ ప్రయోగశాలల్లో ఉన్నాయి. గడి ఖాళీగా ఉంటే రెండో విడత నిధులు ఆపండి. పెట్రీ పళ్లెంలో క్యాన్సర్ కణాల మీద రేణువులు పోసి ‘చంపాం’ అని రాసే పత్రాలకైతే ఆ గడి అక్కరలేదు, వాటికి క్యాన్సర్ నిధులూ అక్కరలేదు. పళ్లెంలో కణాలను వేడినీళ్లు కూడా చంపుతాయి.

బంగారం మీద నాకేమీ పగ లేదు. గర్భ నిర్ధారణ పట్టీ మీద వచ్చే ఎర్ర గీత చాలా వరకు బంగారు రేణువులదే. కరోనా రోజుల్లో ఇంటింటా ముక్కులో పుల్ల పెట్టి చూసుకున్న గీత కూడా ఎక్కువగా అదే. పెద్దపేగు క్యాన్సర్ అనుమానంతో మలంలో కంటికి కనిపించని రక్తం కోసం చేసే పట్టీ పరీక్షల్లోనూ ఈ రేణువులే రంగు చూపుతాయి. చౌక, ఫ్రిజ్ అక్కరలేదు, పది నిమిషాల పని. ఒంట్లోకి వెళ్లనక్కరలేదు కాబట్టి కాలేయంతో పేచీ లేదు, 0.7 గొడవ లేదు. క్యాన్సర్ విషయంలో బంగారానికి నప్పిన ఉద్యోగం ఇది. కానీ పట్టీ మీద గీతకు పెద్ద జర్నల్‌లో చోటు దొరకదు, శాలువా కప్పరు.

బంగారు పళ్లేనికైనా గోడ చేర్పు కావాలంటారు. పట్టీకి ఆ గోడ, అంటే జనాన్ని ముందుగా పరీక్షించే ఏర్పాటు, ఎక్కడుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవారు 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం. మన దేశంలో ఈ రెండింటిలో మొదటి క్యాన్సర్ ఒక్కటే ఏటా 80 వేలకు దగ్గరగా స్త్రీలను చంపుతోంది. అది మొదలు కావడానికి ఏళ్ల ముందే కనిపెట్టగల క్యాన్సర్! ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు లక్షన్నర మంది స్త్రీలతో ఒక ప్రయోగం చేశారు. పదో తరగతి చదివిన ఆడవాళ్లకు నెల రోజుల శిక్షణ ఇచ్చి, పల్చటి వెనిగర్ అద్ది చూడటం నేర్పారు. వెనిగర్ తగిలితే చెడిన చోటు తెల్లబడుతుంది, అంతే కిటుకు. రెండేళ్లకోసారి ఆ పరీక్ష చేస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఎలుకల్లో కాదు, ధారావి లాంటి వాడల్లో బతికే మనుషుల్లో. 2013 నుంచి ఈ అంకె మన కళ్ల ముందే ఉంది. ఒక పక్క 0.7, ఒక పక్క 31. మొదటి దానికి బ్యానరు కట్టి, రెండో దాన్ని గోదాములో పెట్టాం.

2025-26 బడ్జెట్‌లో జిల్లా ఆస్పత్రులన్నిటిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు. పెట్టాలి. అవి కీమో ఎక్కించే కేంద్రాలు, గడ్డ ముదిరి వచ్చినవారికి. ముదరకముందే పట్టుకునే ఏఎన్ఎం చేతిలో వెనిగర్ సీసా, టార్చిలైటు, ఆ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ పరీక్షకు నమూనా పుల్ల ఎప్పుడు పెడతారో ఆ ప్రసంగంలో లేదు. నానో పేరు వినగానే భుజాలు ఎగరేసే వేదికల మీద ఆమె ఎప్పుడైనా కనిపించిందా? ఆమెకు ప్రయాణ భత్యమైనా సకాలంలో అందుతోందా?

మళ్లీ ఆ శీర్షిక వస్తుంది, బహుశా ఈ నెలలోనే. విలేకరుల సమావేశంలో టీ, బిస్కెట్లు అయ్యాక ఒక్కరైనా లేచి అడగండి: అయ్యా, ఎలుకకు ఎంత వేశారు, గడ్డలో ఎంత దొరికింది? అంకె చెబితే మొదటి పేజీలో వేద్దాం. చెప్పకపోతే వార్తను రాశిఫలాల పక్కన పెట్టేయొచ్చు, అక్కడా ఎవరూ లెక్క అడగరు.