యాభై దాటినవారి డేటింగ్ యాప్‌లు: వ్యాసం వదిలేసిన సంగతులు

సంపాదకులకు,

అమెరికాలో యాభై దాటినవారు వాడే డేటింగ్ యాప్‌లపై గత సంచికలో వచ్చిన వ్యాసం సభ్యుల సంఖ్యను బట్టి వాటికి స్థానాలు కేటాయించిందే తప్ప యాజమాన్యాన్నీ ధరలనూ పట్టించుకోలేదు. అవర్‌టైమ్, మ్యాచ్, టిండర్ మూడూ మ్యాచ్ గ్రూప్ అనే ఒకే సంస్థ చేతిలో ఉండగా వాటిని పరస్పర పోటీదారులుగా చూపడం పాఠకులను పక్కదారి పట్టించడమే. ముప్పై, ఆపై వయసువారి నుంచి టిండర్ ఎక్కువ చందా వసూలు చేసిందన్న దావాలో, అటువంటి ధర వ్యాపారాల్లో వివక్షను నిషేధించే ఉన్‌రూ చట్టానికి విరుద్ధమని కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 2018లో తేల్చింది. (ముప్పైకే ముసలితనం అంటగట్టిన లెక్క అది!) సభ్యుల సంఖ్య కూడా నమ్మదగిన కొలమానం కాదు, చందా కట్టనివారు తమకు వచ్చిన సందేశాన్ని చదవలేని యాప్‌లో పేర్లెన్ని ఉన్నా జవాబిచ్చేవారు కొందరే. అన్నిటికంటే పెద్ద లోపం మోసాల ప్రస్తావన లేకపోవడం: ప్రేమ నటించి డబ్బు గుంజే వంచనల వల్ల 2022లో అమెరికన్లు సుమారు 130 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారని అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెల్లడించింది కనుక, ఫొటో తనిఖీ ఏ యాప్‌లో తప్పనిసరో, ఏ యాప్‌లో ఐచ్ఛికమో వ్యాసం ముందుగా చెప్పవలసింది.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం