డోలీ దిగేసరికే ఇంజెక్షన్ టైం అయిపోతోంది

"లేటుగా తెచ్చారు." పెద్దాసుపత్రిలో మనోళ్లు తరచూ వినే మాట ఇది. పక్షవాతం కేసుల్లో ఆ ఒక్క మాటతో మనిషి బతుకు తేలిపోతుంది. లేటు చేసిందెవరన్నది మాత్రం ఏ కాగితం మీదా ఎక్కదు.

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. అదీ సీటీ స్కాన్ తీశాకే. కొందరికి గడ్డ కాదు, నాళమే చిట్లుతుంది. వాళ్లకు ఇదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. స్కాన్ లేకుండా ఏది ఏదో డాక్టరైనా తేల్చలేడు. ఈలోగా నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని అంచనా.

ఇప్పుడు పాడేరు కొండల మీద రోడ్డు లేని ఒక ఊరు తీసుకోండి. పోడుకెళ్లిన మనిషికి మూతి వంకరపోయింది, చెయ్యి లేవట్లేదు, మాట ముద్దగా వస్తోంది. సిగ్నల్ కోసం ఒకడు కొండెక్కాలి. మిగతావాళ్లు డోలీ కట్టి రోడ్డు దాకా మోయాలి. అక్కడ 108 కోసం చూడాలి. అది పీహెచ్‌సీకి తీసుకెళ్తే అక్కడ స్కాన్ ఉండదు. పాడేరు పంపుతారు. అక్కడా కుదరకపోతే విశాఖ కేజీహెచ్. దాదాపు 110 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. ఆ ఒక్క ప్రయాణమే మూడు గంటలు మింగుతుంది. ఇక మిగిలేదెంత?

గిరిజనులు నాటువైద్యం చేయించుకుని ఆలస్యంగా వస్తారని అంటారు. గాలి సోకిందని పూజ చేయించేవాళ్లు ఉన్నారు, నిజమే. ఆ సంగతి ఊళ్లో మనమే మాట్లాడుకోవాలి. (పావురం రక్తం రాసేవాళ్లు మైదానంలోనూ ఉన్నారు, వాళ్లనెవరూ వెనకబడినవాళ్లు అనరు.) కానీ పిలిస్తే పది నిమిషాల్లో వచ్చేది పూజారి ఒక్కడే అయితే జనం ఎవర్ని పిలుస్తారు?

కొండల్లో ఇది కుదరదనేవాళ్లు హిమాచల్ ప్రదేశ్ చూడాలి. 2014 నుంచి అక్కడ స్కాన్ ఉన్న జిల్లా ఆసుపత్రుల్లో మామూలు డాక్టర్లే, మెడికల్ కాలేజీ న్యూరాలజిస్టులతో ఫోన్లో మాట్లాడి ఈ ఇంజెక్షన్ ఇస్తున్నారు. మందు ఉచితం. పాడేరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. స్కాన్, టెక్నీషియన్, మందు రాత్రి పన్నెండింటికి కూడా అక్కడ దొరకాలి. అనుమానం వచ్చిన కేసును 108 పీహెచ్‌సీల చుట్టూ తిప్పకుండా నేరుగా స్కాన్ ఉన్న చోటికే తీసుకెళ్లాలి. ఇవి మన డిమాండ్లు.

ఊళ్లలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పని ఇవాళే మొదలుపెట్టండి. ఎవరికైనా ఇలా అయితే మొదలైన టైం కాగితం మీద రాయండి. నిద్రలో వస్తే చివరిసారి బాగున్నప్పుడు చూసిన టైం రాయండి. నీళ్లు, గంజి పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఎప్పుడు ఫోన్ చేశారు, ఎప్పుడొచ్చింది, ఏ ఆసుపత్రిలో ఎంతసేపు ఆపారు అన్నీ అదే కాగితం మీద ఎక్కించండి. ఆ కాగితాలన్నీ పట్టుకుని ఐటీడీఏ గ్రీవెన్స్‌కి వెళ్దాం.